పాలు, నెయ్యి లేని వంటలతో వ్యాపారం: మూడు లక్షలు ఇప్పుడే ఇవ్వాలా?

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర ఒక ఊరు. మా బిడ్డ మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. రెండేళ్ళ నుంచి పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు వాడకుండా వంటలు చేసి వీడియోలు పెడుతోంది. చూసేవాళ్ళు బాగానే ఉన్నారు. ఇప్పుడు పీజీ వద్దంటోంది. సోయా పాలు, సోయా పనీర్ చేసి అమ్ముతాను, మెషీన్‌కీ ఫ్రీజర్‌కీ మూడు లక్షలు ఇవ్వమంటోంది. పల్లీలు అమ్మిన డబ్బు ఉంది గానీ ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. వద్దంటే మాట్లాడటం మానేస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మూడు లక్షలు ఇప్పుడు ఇవ్వకండి. అలాగని వ్యాపారం వద్దని కూడా అనకండి. మీ బిడ్డ ఎంచుకున్న దారి మంచిదే, ఎంచుకున్న సరుకుతోనే ఇబ్బంది.

సోయా పనీర్, అంటే టోఫు, ఫ్రిజ్‌లో పెడితేనే కొన్ని రోజులు ఉంటుంది. మే నెలలో మన పాలమూరు ఎండకు, మధ్యాహ్నం కరెంటు పోతే, ఆ రోజు చేసిన సరుకంతా పారబోయాల్సిందే. వనపర్తి నుంచి హైదరాబాద్ చేరేదాకా చల్లగా ఉంచాలంటే ఆ ఖర్చు వేరే. పైగా ప్యాకెట్ మీద ‘సోయా పాలు’, ‘సోయా పనీర్’ అని రాయడానికి వీల్లేదు. పాడి పేర్లు పాడి సరుకుకే వాడాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. 2021లో ఆన్‌లైన్ దుకాణాల నుంచి అలాంటి పేర్లున్న సరుకును తీసేయించింది కూడా. కొబ్బరి పాల లాంటి ఎప్పటినుంచో ఉన్న పేర్లకే మినహాయింపు. ఇక మీ చుట్టుపక్కల టోఫు అడిగి కొనేవాళ్ళు ఎంతమంది? బర్రె పాలు గడప దగ్గరకు వచ్చే ఊళ్ళో దాన్ని అమ్మడం చాలా కష్టం.

ఒకసారి మీ వంటింట్లోకే చూడండి. పల్లీ పొడి, నువ్వుల పొడి, అవిసె గింజల పొడి, కరివేపాకు పొడి, ఎండు జొన్న రొట్టెలు, సకినాలు. వీటిలో పాలు లేవు, నెయ్యి లేదు. ఎవరూ వాటిని ‘ప్లాంట్ బేస్డ్’, అంటే మొక్కల నుంచి వచ్చిన సరుకుతోనే చేసినవి, అనలేదు, అంతే. సరిగ్గా వేయించి, తడి తగలకుండా ప్యాక్ చేస్తే వారాల తరబడి ఉంటాయి, ఫ్రీజర్ అక్కర్లేదు. హాస్టల్ పిల్లలు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే మనవాళ్ళు ఇంటి నుంచి ఎటూ మోసుకెళ్ళేవే ఇవి. బస్టాండ్‌లో ఆర్టీసీ కార్గో కౌంటర్‌లో పార్సిల్ వేస్తే నగరంలో తీసుకుంటారు. మొదట రెండు పొడులు, ఒక రొట్టె. అంతకుమించి వద్దు. వీడియోలు చేసేవాళ్ళకు రోజూ కొత్త వంట కావాలి. వ్యాపారానికి ఆ అలవాటు పనికిరాదు, ఒకే పొడి వంద ప్యాకెట్లలోనూ ఒకే రుచి రావాలి. పిడికెడు, చిటికెడు మానేసి గ్రాముల్లో రాసుకోమనండి.

మీరు పల్లీ రైతు కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ఇంటి పల్లీలే కదా అని ఉచితంగా ఇవ్వకండి. మార్కెట్ ధర కట్టి ఇవ్వండి, ఆమె పుస్తకంలో రాసుకోవాలి. లేకపోతే లాభం వస్తోందని ఆమె అనుకుంటుంది, నిజానికి మీ పంట కరిగిపోతుంటుంది. ఉదాహరణకు ఒక లెక్క. 200 గ్రాముల పొడికి సరుకు 40 రూపాయలు, ప్యాకెట్, లేబుల్ 8, గ్యాస్ 4, ఆమె కూలి 15. మొత్తం 67. ధర 110 పెడితే, నేరుగా అమ్మినప్పుడు 43 మిగులుతుంది. దుకాణంలో పెడితే వాళ్ళ వాటా 25 శాతం పోయాక మిగిలేది 15 చిల్లర. అందులోనే అమ్ముడుపోక తిరిగొచ్చిన ప్యాకెట్లు కూడా సర్దుకోవాలి. వేయించి పొట్టు తీస్తే కిలో పల్లీలకు కిలో పొడి రాదు, అదీ లెక్కలో వేయాలి. కూలి గడి ఖాళీగా వదిలేసే ఆడపిల్లలే ఎక్కువ. వదలనివ్వకండి.

పల్లీలకు ఇంకో చిక్కు ఉంది. బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, వేయించినా అది పూర్తిగా పోదు. మైక్రోబయాలజీ చదివిన అమ్మాయికి ఇది నేను చెప్పాల్సిన పనిలేదు. గింజలు సరిగ్గా ఎండబెట్టడం, ముడుచుకుపోయినవీ రంగు మారినవీ ఏరి పారేయడం, ప్యాకెట్ ఎన్ని రోజులకు నూనె వాసన వచ్చి చేదెక్కుతుందో చూసి తేదీ వేయడం, ఇక్కడే ఆమె డిగ్రీ పనికొస్తుంది. పల్లీ పడనివాళ్ళు ఉంటారు కాబట్టి లేబుల్ మీద ఆ సంగతి స్పష్టంగా రాయాలి.

నీళ్ళు కూడా పరీక్ష చేయించండి. నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, మన వైపు కూడా కొన్ని ఊళ్ళ బోర్లలో ఉంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. రొట్టె పిండి కలిపేది ఆ నీళ్ళతోనే కదా.

కాగితాల విషయానికొస్తే, మొదలుపెట్టే స్థాయికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు. ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, 14 అంకెల నంబరు వస్తుంది, అది ప్యాకెట్ మీద ఉండాలి. చిన్న వ్యాపారాల నమోదు, అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. జంతువుల నుంచి వచ్చేది ఏదీ లేదని చెప్పే ‘వీగన్’ గుర్తు మాత్రం ఇప్పుడే వద్దు. దానికి 2022 నుంచి వేరే నియమాలున్నాయి, విడిగా అనుమతి తీసుకోవాలి, తేనె కూడా వాడకూడదు. మీ ఇంట్లో అదే పొయ్యి మీద నెయ్యి కాస్తారు, అదే గరిటె. ఆకుపచ్చ చుక్క పెట్టి, వాడిన దినుసులన్నీ నిజాయితీగా రాస్తే మొదటి ఏడాదికి సరిపోతుంది. వీడియోల్లో ‘షుగర్ తగ్గుతుంది’, ‘మోకాళ్ళ నొప్పులు పోతాయి’ లాంటి మాటలు సరుకు అమ్మడం మొదలయ్యాక అస్సలు అనకూడదు. అలా అంటే చిక్కుల్లో పడుతుంది.

వీడియో చూసేవాళ్ళంతా కొనరు. దుబాయ్‌లో కూర్చుని లైక్ కొట్టినవాళ్ళకు వనపర్తి నుంచి పొడి పంపలేం. చుట్టాలకు ఉచితంగా పంచితే అందరూ బాగుందనే అంటారు. డబ్బిచ్చి కొన్నవాళ్ళు రెండోసారి అడిగారా లేదా అన్నదే చూడండి.

చదువు సంగతి. పీజీ వద్దనడం తొందరపాటు. డిగ్రీ పూర్తి కావాలి, ఆ తరవాత ఒక ఏడాది ఈ పని చేసి చూడనివ్వండి. ఈలోపు ప్రవేశ పరీక్షలకు దరఖాస్తులు పెట్టడం మానొద్దు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎంట్రన్స్‌తో అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ సీట్లు ఇస్తుంది, ఆమె సబ్జెక్టులకు అర్హత ఉందేమో నోటిఫికేషన్‌లో చూడండి. రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న, ఇతర చిరుధాన్యాలతో సరుకు తయారీపై శిక్షణలు పెడుతుంది. ఎమ్మెస్సీకి రెండేళ్ళు పడుతుంది, అక్కడ శిక్షణ కొద్ది రోజుల్లో అయిపోతుంది. ముందు అక్కడికి పంపండి. మీకు దగ్గర్లో పాలెం కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడా అడగండి. వ్యాపారం నిలబడకపోయినా ఆహార పరిశ్రమల్లో నాణ్యత పరీక్షించే ఉద్యోగాలకు మైక్రోబయాలజీతో పాటు ఈ అనుభవం కూడా పనికొస్తుంది. పెళ్లి సంబంధాల వాళ్ళు అడిగితే ఏం చెప్పాలా అనే బెంగ కూడా మీకు ఉండొచ్చు. సొంత వ్యాపారం చేస్తోందని చెప్పండి, అందులో దాచాల్సిందేమీ లేదు.

డబ్బు మాట. మిక్సర్, తూకం మిషన్, సీలింగ్ మిషన్, లేబుళ్ళు, నీటి పరీక్ష, మొదటి సరుకు, వీటికి నలభై, యాభై వేలు ఇవ్వండి. వేరే బ్యాంకు ఖాతా తెరిపించండి. మిగిలింది డిపాజిట్ చేసుకోండి. ఆరు నెలలు వరసగా ఆర్డర్లు వచ్చి చేత్తో చేయలేని స్థితి వస్తే అప్పుడు పెద్ద మెషీన్ ఆలోచించవచ్చు. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో బ్యాంకు లోన్ తీసుకుంటే ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంది, సొంత వాటా కనీసం 10 శాతం పెట్టాలి. పథకాల గడువులు మారుతుంటాయి కాబట్టి ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. లోన్ మంజూరు కాకముందే సొంత డబ్బుతో మెషీన్ కొనేస్తే తరవాత సబ్సిడీ అడగడం కష్టం. ఆమె అడిగిన మెషీన్‌కు ఇప్పుడే డబ్బు కట్టకపోవడానికి ఇంకో కారణం అదే.