పాటలు కట్టే అమ్మాయికి పాఠం చెప్పడమూ రావాలి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఈమధ్య సొంతంగా కీర్తనలు రాసి బాణీ కడుతోంది. ఇదే వృత్తిగా పెట్టుకుంటానంటోంది. ‘చివరికి ఇంట్లో కూర్చుని నలుగురు పిల్లలకు సరళీ స్వరాలు చెప్పుకోవడమేగా’ అని వాళ్ల నాన్నగారి టెన్షన్. ఇందులో బతుకుదెరువు ఉంటుందా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఉంటుందమ్మా. కాకపోతే పాటలు కట్టడం ఒక్కదాని మీదే ఉండదు, ముఖ్యంగా మొదటి కొన్నేళ్లు. మీవారు పాఠం చెప్పడాన్ని ఇంకేమీ చేతకాక చేసే పనిగా చూస్తున్నారు. సంగీతంలో మొదట నేర్పే ఆ సరళీ స్వరాలు, పిళ్ళారి గీతాలు పురందరదాసు కూర్చినవని మన సంప్రదాయం చెబుతోంది. అంటే పాట రాసి బాణీ కూడా కట్టే అంత పెద్ద వాగ్గేయకారుడు పిల్లల పాఠం కోసం చేసిన రచనలవి.

ఈ దారిలో నడిచినవాళ్లను చూడండి. మీ గోదావరి సీమలోనే పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ మిగతా రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించి, 1952లో ‘జనకరాగ కృతి మంజరి’గా పుస్తకం తెచ్చారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గానూ పనిచేశారు. మైసూరు వాసుదేవాచార్యులు ఆస్థాన విద్వాంసులుగా ఉంటూ తెలుగులో, సంస్కృతంలో కృతులు రాశారు, వాటిని స్వరాలతో ప్రచురించారు, వృద్ధాప్యంలో మద్రాసు కళాక్షేత్రలో పాఠాలు చెప్పారు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ముత్తుస్వామి దీక్షితుల కృతులు గమకాల (స్వరాన్ని ఊపి పలికే తీరు) గుర్తులతో సహా ఉన్నాయి, సుబ్బరామ దీక్షితుల సొంత రచనలూ ఉన్నాయి. మన దగ్గర కీబోర్డు క్లాసులకు వెళ్లే పిల్లలు వాయించే సొనాటినాలు (చిన్న పియానో రచనలు) రాసిన క్లెమెంటీ కూడా అంతే. లండన్‌లో పియానో నేర్పాడు, రచనలు చేశాడు, చివరికి తనే ప్రచురణ సంస్థ నడిపి బీథోవెన్ రచనలు అచ్చు వేశాడు.

పాఠం చెప్పడం వల్ల పాట బాగుపడుతుంది. మీ అమ్మాయిని మోహన రాగంలో, ఆదితాళంలో, పక్కింటి పదేళ్ల పాపకు నేర్పేలా ఒక చిన్న గీతం కట్టమనండి. తన గొంతుకు హాయిగా పలికే తారస్థాయి (పై స్థాయి) గాంధారం ఆ పాపకు అందదు. అంతకన్నా కింద ఉండే తారషడ్జం (పై ‘స’) దగ్గరే ఆపి, ఆ స్వరాల వరుసను మార్చాల్సి వస్తుంది. ఊపిరి తీసుకునే చోట మాట విరిగిపోతే సాహిత్యమూ మార్చాలి. ఇలా నాలుగు గీతాలు కట్టేసరికి తన పెద్ద కీర్తనల్లో ఏది అనవసరమో తనకే కనిపిస్తుంది. కచేరీ చప్పట్లలో ఇది తెలియదు.

చదువు సంగతి. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి ఉంది, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులుంటాయి. నా సలహా ఏమిటంటే డిప్లొమాతో ఆగవద్దు. డిగ్రీ, ఆపైన సంగీతంలో పీజీ చేయించండి. తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనూ, ఆంధ్రా యూనివర్సిటీలోనూ సంగీత విభాగాలున్నాయి. పీజీలో 55 శాతం మార్కులు తెచ్చుకుని సంగీతం సబ్జెక్టుగా నెట్ (జాతీయ అర్హత పరీక్ష) పాసైతే కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత వస్తుంది. ఆ పోస్టులు తక్కువే, దాచిపెట్టను. అందుకే ప్రైవేటు స్కూళ్లు, ఆన్‌లైన్ క్లాసులు కూడా లెక్కలో పెట్టుకోవాలి. అమెరికాలో తెలుగు పిల్లలకు అక్కడి సాయంత్రం, మనకు తెల్లవారుజామున పాఠం చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు.

ఇక ప్రచురణ. నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇక్కడే, ఎందుకంటే సంగీతం పిల్లలు ఎక్కువగా నష్టపోయేదీ ఇక్కడే. కట్టిన ప్రతి పాటకూ రాగం, తాళం, ఆరోహణ అవరోహణలు, స్వరం కింద సాహిత్యం, తేదీ వేసి రాసి పెట్టుకోమనండి. మన కాపీరైట్ చట్టంలో సంగీత రచనకు వేరే హక్కు, సాహిత్యానికి వేరే హక్కు ఉన్నాయి. రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు అవి నిలుస్తాయి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. ఏదైనా ఆడియో కంపెనీ సంతకం పెట్టమంటే తొందరపడవద్దు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగానే చట్టం లెక్కిస్తుంది, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాసి ఉన్న కాగితం చూస్తే లాయరుకు చూపించకుండా పెన్ను తీయవద్దు. పాటలు రేడియోలోనో టీవీలోనో రావడం మొదలయ్యాక పాటలు రాసేవాళ్ల, బాణీలు కట్టేవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుంటే రాయల్టీ ఆ సంస్థ ద్వారా వస్తుంది.

అన్నమయ్య పాటల విషయంలో ఒక జాగ్రత్త. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు కట్టినవి. సాహిత్యం అందరిదీ, బాణీ మాత్రం కట్టినవారిది. మీ అమ్మాయి తన పుస్తకంలో ఆ సంకీర్తనలు వేయాలనుకుంటే తన సొంత బాణీలే వేయాలి. ఇప్పటి కవుల గేయాలకైతే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

మొదటి పుస్తకం పెద్ద కృతులతో వద్దు. ఆ పక్కింటి పాప కోసం కట్టిన గీతాలు, గీతాల తర్వాత నేర్చుకునే రెండు స్వరజతులు, ఒక వర్ణం చాలు. ముందు గురువుగారికి చూపించి తప్పులు దిద్దించుకోవాలి, తర్వాత తన క్లాసులో ఒక ఏడాది వాడి చూడాలి. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. వందల కాపీలు వేసి అటక మీద పెట్టే బదులు అడిగినవారికి అడిగినన్ని వేయించడం మేలు. ఇలాంటి పుస్తకాన్ని కొనేది సంగీతం టీచర్లే, వాళ్ల పిల్లలకు పనికొస్తేనే.

మీవారిని ఒకసారి మీ ఊళ్లో బాగా క్లాసులు నడుపుతున్న సంగీతం టీచరు దగ్గరికి తీసుకెళ్లి, ఫీజులు, పిల్లల సంఖ్య, ఖర్చులు మీవారినే నేరుగా అడగమనండి. నేను చెప్పే అంకెలకన్నా అవి మీవారికి నమ్మకంగా ఉంటాయి. మరో మాట, కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. మీ అమ్మాయికి 18 నిండగానే ఆ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి.