2డి ఎకో అయ్యాక మళ్లీ 3డి ఎందుకంటే

అన్నా, నెల్లూరు నుంచి అమ్మగారిని చెన్నై తెచ్చి చూపిస్తే, 2డి ఎకోలో (గుండె స్కానింగ్‌లో) మైట్రల్ కవాటం, అంటే గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే తలుపు, లీకవుతోందని తేలాక కూడా గొంతులోంచి 3డి ఎకో చేయాలన్నారని, డబ్బుల కోసమేమోనని అడిగారు కదా. ఈ విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు.

2డి గుండెను కత్తితో కోసినట్టు ఒక్కో పలుచని ముక్కనే చూపిస్తుంది. 3డిలో ఎడమ కర్ణికలో (ఆ పై గదిలో) నిలబడి కిందికి చూసినట్టు కవాటం మొత్తం కనబడుతుంది. ఆపరేషన్లో సర్జన్ చూసేదీ అదే. కవాటానికి ముందొకటి, వెనకొకటి రెండు రెక్కలుంటాయి. వెనక రెక్కకు పీ1, పీ2, పీ3 అని మూడు భాగాలు. ఏది జారిందో తెలిస్తేనే రిపేరు చేయొచ్చా, కవాటమే మార్చాలా అన్నది తేలుతుంది. పీ2 ఒక్కటే అయితే రిపేరుకు అవకాశం ఎక్కువ. గొంతులోంచి గొట్టం దించేది ఆహారనాళంలోకి; అది గుండె వెనకే ఉంటుంది గనుక అక్కణ్ణుంచి బొమ్మ స్పష్టంగా వస్తుంది.

పరీక్షకు ముందు 6 గంటలు ఏమీ తిననివ్వకండి. మింగడం కష్టమైతే ముందే చెప్పండి. కట్టుడు పళ్లుంటే తీసేయాలి. మా అత్తయ్య ఇదే పరీక్ష అయి బయటికి రాగానే కాఫీ అడిగింది. గొంతుకిచ్చిన మొద్దుబారే మందు ప్రభావం వదిలేదాకా ఇవ్వలేదు!