రొయ్యల ప్లాంటులో క్వాలిటీ చూస్తున్నా, లింక్డ్‌ఇన్‌లో రిక్రూటర్లు పలకరించట్లేదన్న కావలి మిత్రుడికి

లోపం మీ హెడ్‌లైన్‌లోనే, అంటే ప్రొఫైల్‌లో పేరు కింద కనిపించే లైనులోనే ఉంది. "ఉద్యోగం కోసం చూస్తున్నా" అని ఎవరూ వెతకరు. రొయ్యల ప్లాంటువాళ్లు పోస్టు పేరు కొట్టి వెతుకుతారు.

1. హెడ్‌లైన్ ఇంగ్లీషులో మార్చండి: క్యూసీ (నాణ్యత పరిశీలన) టెక్నాలజిస్ట్, రొయ్యల ప్రాసెసింగ్, హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రత పద్ధతి). 220 అక్షరాల దాకా పడతాయి.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే: 'ఓపెన్ టు వర్క్' (ఉద్యోగానికి సిద్ధమని చెప్పే సెట్టింగ్)లో ఊళ్లు. మీరు కావలి ఒక్కటే పెట్టారు. నెల్లూరు, భీమవరం, విశాఖ, చెన్నై కూడా చేర్చండి. లేకుంటే చెన్నై అని ఫిల్టర్ పెట్టినవాళ్లకు మీరు దొరకడం కష్టం.
అక్కడే 'రిక్రూటర్లకు మాత్రమే' ఎంచుకోండి. అందరికీ అని పెడితే ఫొటో చుట్టూ పచ్చ ఫ్రేము వస్తుంది, మీ మేనేజరూ చూస్తారు. ఉన్న ఉద్యోగానికి ఇబ్బంది తెచ్చుకోవద్దు.

3. అనుభవంలో "క్వాలిటీ చూశాను" చాలదు. కౌంట్ గ్రేడింగ్ (రొయ్యల్ని సైజు వారీగా వేరుచేయడం), యాంటీబయోటిక్ పరీక్షలు, రోజుకు ఎన్ని టన్నులో రాయండి.