కింద కూర్చుని వాయించే కర్ణాటక వాద్యకారులకు ఎలాంటి ఎలక్ట్రిక్ వయొలిన్ సరిపోతుంది?

ఆరేళ్లుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాననీ, ఎం.వి.పి. కాలనీలో అపార్టుమెంటులో ఉంటున్నందువల్ల రాత్రిపూట సాధన కుదరడం లేదనీ, అప్పుడప్పుడు గుళ్లలో పక్కవాద్యానికి కూర్చుంటున్నాననీ, ఈ రెండు అవసరాలకూ పనికివచ్చే ఎలక్ట్రిక్ వయొలిన్ ఏదో చెప్పమనీ, దానిమీద గమకాలు సరిగా పలుకుతాయా అనీ మీరు అడిగారు. నేను విశాఖపట్నంలోనే వయొలిన్ నేర్పుతుంటాను. సభలో కచేరీకైతే మామూలు వయొలిన్‌నూ, బహిరంగ వేదికల మీదా లైట్ మ్యూజిక్ బృందాలతోనూ అయితే ఎలక్ట్రిక్ వయొలిన్‌నూ వాయిస్తుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

గమకాల గురించి మీకు సందేహం అక్కర్లేదు. జారు, కంపితం, స్ఫురితం, నొక్కు అన్నీ ఎడమచేతి వేళ్లు మెట్లు లేని ఫింగర్‌బోర్డు మీద చేసే పనులు. ఆ ఫింగర్‌బోర్డు రెండు వాద్యాలలోనూ ఒకటే. తేడా వచ్చేది మూడు చోట్ల: వాద్యం మన ఒళ్లో ఎలా కూర్చుంటుంది, మన శ్రుతికి దించిన తీగ దానిమీద ఎలా పలుకుతుంది, ఆ ధ్వనిని పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఎలా అందుకుంటుంది. కంపెనీ పేరు, రంగు, ఆకారం ఇవన్నీ ఆ తరవాతి మాటలు.

ముందు కూర్చునే తీరు సంగతి చూద్దాం, ఎందుకంటే దుకాణంలో ఎవరూ దీని గురించి చెప్పరు. ఎలక్ట్రిక్ వయొలిన్లు దాదాపు అన్నీ నిలబడి, వాద్యాన్ని భుజానికీ గడ్డానికీ మధ్య బిగించి వాయించేవారి కోసం రూపొందించినవే. మనమేమో కింద కూర్చుని, వయొలిన్ తల భాగాన్ని కుడిపాదం చీలమండ దగ్గర ఆనించి, రెండో కొసను ఎడమ భుజానికీ ఛాతీకీ చేర్చి వాయిస్తాం. వాద్యం బరువును ఎడమచెయ్యి మోయనవసరం లేదు కాబట్టే ఆ చెయ్యి మంద్రస్థాయి నుంచి తారస్థాయి దాకా ఒక్క జారులో స్వేచ్ఛగా వెళ్లగలుగుతుంది. తల భాగం కాలిమీద స్థిరంగా నిలవకపోతే ఆ స్వేచ్ఛ అంతా పోతుంది. కొన్ని మోడళ్లలో గుండ్రని స్క్రోలు ఉండదు, తల మొండిగా తెగిపోయి ఉంటుంది. మరికొన్నిటిలో బిరడాలకు బదులు గిటారుకు ఉండేలాంటి లోహపు మరలు ఉంటాయి. అవి పాదానికి గుచ్చుకోవడమే కాక, కాలు కదిలినప్పుడు తిరిగి శ్రుతిని కూడా కదిలిస్తాయి. ఇటువంటి వాద్యం ఎంత బాగా పలికినా మీకు వద్దని నా గట్టి అభిప్రాయం.

ఇదే వరుసలో చూడవలసినది చట్రం ఆకారం. బరువు తగ్గించడం కోసం చాలా మోడళ్లలో శరీరాన్ని సగానికి సగం తీసేసి, అంచును మాత్రమే ఒక చట్రంగా మిగులుస్తారు. మామూలు వయొలిన్ మీద తారస్థాయికి వెళ్లేటప్పుడు మన అరచెయ్యి భుజభాగపు అంచుకు తగిలి, ఎక్కడున్నామో చెప్పే ఆనవాలుగా పనిచేస్తుంది. ఆ అంచు లేని వాద్యం మీద తారషడ్జమం పైన వేళ్లు దారి తప్పుతాయి. కాబట్టి ఎడమచేతి వైపు అంచు పూర్తిగా ఉన్న మోడల్‌నే ఎంచుకోండి. కేబులు తగిలించే జాక్ ఎక్కడుందో కూడా చూడండి. నిలబడేవారికి అది భుజం మీదుగా వెనక్కి జారిపోతుంది గానీ, మన భంగిమలో తిన్నని ప్లగ్గు నేరుగా ఛాతీకి పొడుచుకుంటుంది. వంపు ప్లగ్గు ఉన్న కేబులు కొని, దాన్ని టెయిల్‌పీసు దగ్గర ఒక చిన్న వెల్క్రో పట్టీతో కట్టేస్తే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఇక తీగల విషయం. ఫ్యాక్టరీలో వాద్యం పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఎ, ఇ స్వరాలకు సరిపోయేలా తయారవుతుంది. మనం షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమం చొప్పున, అదీ పాడేవారి శ్రుతిని బట్టి, కలుపుకుంటాం. ఐదు శ్రుతిలో, అంటే జి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని, పాడే గాయనికి వాయించేటప్పుడు నాలుగు తీగలూ జి, డి, జి, డి అవుతాయి. అది ఫ్యాక్టరీ అమరికకు ఎంతో దూరం కాదు. రెండు శ్రుతిలో పాడే గాయకుడికి వాయించేటప్పుడు డి, ఎ, డి, ఎ అవుతాయి. అంటే అన్నిటికంటే పైస్థాయిలో పలికే మొదటి తీగ (ఇ) ఏడు అర్ధస్వరాలు, మంద్రంలో పలికే చివరి తీగ (జి) ఐదు అర్ధస్వరాలు కిందికి దిగుతాయి. మామూలు వయొలిన్‌లో ఇలా వదులైన తీగకు చెక్కపెట్టె ఎంతో కొంత ఆసరా ఇస్తుంది. ఎలక్ట్రిక్ వయొలిన్‌లో పికప్ ఆధారపడేది తీగ బ్రిడ్జి మీద కలిగించే ఒత్తిడి మార్పు మీదే కాబట్టి, వదులైన తీగ నీరసంగానూ, ఒక తీగకూ మరొక తీగకూ పొంతన లేకుండానూ వినిపిస్తుంది. మీరు ఎక్కువగా మగవారి శ్రుతికే వాయించేటట్లయితే కొన్న రోజే మందపు తీగలు వేయించుకోండి, బ్రిడ్జి ఎత్తును వాటికి తగ్గట్టు సరిచేయించుకోండి. కచేరీ కచేరీకీ శ్రుతి మార్చవలసిన మనకు నాలుగు తీగలకూ టెయిల్‌పీసు మీద ఫైన్‌ట్యూనర్లు ఉండడం కూడా ముఖ్యమే.

ఐదు తీగల వయొలిన్ మీద ఆశ పడేవారు చాలామంది ఉన్నారు. అనుమంద్ర పంచమం దొరకడం ఆలాపనలో నిజంగా గొప్ప సుఖమే. అయితే ఐదు తీగలు అదే వెడల్పులో ఇమడాలి కాబట్టి తీగల మధ్య ఎడం తగ్గుతుంది, కమాను పక్క తీగకు తగలకుండా వాయించడానికి కుడిచేతికి మరింత సూక్ష్మమైన అదుపు కావాలి. వర్ణాలు మూడు కాలాలలో శుభ్రంగా పలికేదాకా నాలుగు తీగలతోనే ఉండమని నా సలహా.

గుళ్లలో వాయించేవారికి అన్నిటికంటే ఎక్కువగా అవసరమైన విషయం పికప్. ఎలక్ట్రిక్ వయొలిన్లలో చాలావాటికి బ్రిడ్జిలోనో దాని కిందో పీజో స్ఫటికం ఉంటుంది. ఒత్తిడి మారినప్పుడల్లా అది అతి స్వల్పమైన విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. ఆ సంకేతాన్ని పూర్తిగా అందుకోవాలంటే అవతలి పరికరం ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సంకేతానికి అది చూపే విద్యుత్ నిరోధం) కనీసం పది లక్షల ఓములు, అంటే 1 మెగాఓము, ఉండాలి. మిక్సరులో మైకు కోసం ఉన్న ఇన్‌పుట్‌కు అది కొన్ని వేల ఓములు మాత్రమే. ప్రీయాంప్ (పికప్ సంకేతాన్ని పూర్తిగా అందుకుని, బలం పెంచి పంపే పరికరం) లేని వాద్యాన్ని నేరుగా అక్కడ తగిలిస్తే మంద్రస్థాయి ధ్వని దాదాపు మాయమై, పైస్థాయి రేకు డబ్బా మీద గీసినట్టు వినిపిస్తుంది. అది విని చాలామంది ఎలక్ట్రిక్ వయొలిన్ అంటేనే కీచుమనే వాద్యమని తీర్మానించుకుంటారు. అక్కడ లోపం వాద్యానిది కాదు, తగిలించిన తీరుది. వాద్యంలోనే ప్రీయాంప్ ఉంటే సాధారణంగా దానికి 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కచేరీకి బయలుదేరే ముందు కొత్తది వేసుకోవాలి. లేకపోతే వేరుగా ఒక ప్రీయాంప్, దానితోపాటు డీఐ పెట్టె (వాద్యపు సంకేతాన్ని మిక్సరు మైకు ఇన్‌పుట్‌కు సరిపడేలా మార్చేది) కొనుక్కుని మీ సంచిలోనే ఉంచుకోవాలి. పందిళ్లలో సౌండు వాళ్ల దగ్గర అవి ఉంటాయని నమ్ముకోకండి. బడ్జెట్ వేసేటప్పుడు ఈ ఖర్చును వాద్యం ధరలో భాగంగానే లెక్కపెట్టుకోండి. ఖరీదైన వాద్యాన్ని ప్రీయాంప్ లేకుండా వాయించడం కంటే మధ్యరకం వాద్యాన్ని మంచి ప్రీయాంప్‌తో వాయించడం ఎంతో మేలు.

ప్రీయాంప్ ఉన్నా పీజో ధ్వనికి ఒక లోటు ఉంటుంది. మామూలు వయొలిన్‌లో పెట్టెలోని గాలి 270 నుంచి 290 హెర్ట్జ్‌ల ప్రాంతంలో స్పందించి నాదానికి నిండుతనం తెస్తుంది, పలకలు ఆపైన తమ వంతు చేరుస్తాయి. లోపల బోలు లేని చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ వాద్యంలో ఆ పెట్టే లేదు. అందుకే ఈక్వలైజరులో 2,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల మధ్య భాగాన్ని కొంచెం తగ్గించి, కొద్దిగా రివెర్బ్ (గదిలో ప్రతిధ్వనించినట్టు వినిపించే ప్రభావం) కలుపుకుంటే చెవికి హాయిగా ఉంటుంది. రివెర్బ్ ఎక్కువైతే గమకాల అంచులు కరిగిపోతాయి. తోడి గాంధారం ఊగేటప్పుడు ఒక ఊపు ఇంకొకదానిమీద పడి, స్వరం ఎక్కడ నిలిచిందో తెలియకుండా పోతుంది. కాబట్టి రివెర్బ్ ఎంత ఉండాలో తోడి ఆలాపన వాయిస్తూ నిర్ణయించుకోండి, సినిమా పాట వాయిస్తూ కాదు.

వాయించే పద్ధతిలో మారవలసినదల్లా కుడిచెయ్యే. మామూలు వయొలిన్ ధ్వని మన చెవికి జానెడు దూరంలో పుడుతుంది. ఎలక్ట్రిక్ వయొలిన్ ధ్వని ఎక్కడో ఉన్న మానిటర్ స్పీకరు నుంచి వస్తుంది కాబట్టి, మృదంగం జోరుగా మోగుతున్నప్పుడు తన వాద్యం వినిపించక, తెలియకుండానే కమానును గట్టిగా నొక్కే అలవాటు పడుతుంది. పీజో కమాను రాపిడిని మరింత పెద్దది చేసి చూపిస్తుంది, దానితో ధ్వని గరుకుగా మారుతుంది. మానిటర్‌ను మీకు ఎడమవైపు దగ్గరగా పెట్టించుకుని, కమాను బరువు తగ్గించి పొడవు పెంచి వాయించండి. రోజిన్ కూడా మామూలుగా రాసేదానికంటే తక్కువ చాలు. నా విద్యార్థులకు ఎలక్ట్రిక్ వయొలిన్ ఇచ్చిన కొత్తలో పాటంటూ లేకుండా షడ్జమ పంచమాలను ఒక్కో కమానుకు ఎనిమిది అక్షరాల కాలం సాగదీయించి మాత్రమే సాధన చేయిస్తాను. వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామి నాయుడు గారు ఒకప్పుడు ప్రిన్సిపాలుగా ఉన్న విజయనగరం సంగీత కళాశాల మనకు పక్క ఊళ్లోనే ఉంది. ఆయన కమాను నాదాన్ని ఆదర్శంగా చెప్పుకునే ప్రాంతంలో పెరిగిన మనం, స్విచ్చు వేస్తే ధ్వని పెద్దదవుతుంది కదా అని కమానును నిర్లక్ష్యం చేయడం సరికాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఈ కారణం చేతనే రోజువారీ సాధనలో కనీసం సగం మామూలు వయొలిన్ మీద చేయమంటాను.

రాత్రి సాధన విషయంలో ఎలక్ట్రిక్ వయొలిన్‌కు సాటి లేదు. తీగమీద కమాను నడిచే సన్నని శబ్దం గదిలో ఉన్నవారికి వినిపిస్తుంది గానీ, గోడ దాటి పక్క వాటాలోకి వెళ్లదు. హెడ్‌ఫోన్లు మాత్రం తప్పనిసరిగా వైరు ఉన్నవే వాడండి. బ్లూటూత్‌లో ధ్వని సెకనులో పదో వంతు, కొన్నిటిలో అంతకంటే ఎక్కువ, ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యంతో రెండో కాలం అలంకారాలు వాయిస్తే లయ పాడవుతుంది. తంబురా శ్రుతిని కూడా అదే హెడ్‌ఫోన్లలో కలిపి వినగలిగే ఆక్స్ ఇన్‌పుట్ ఉంటే చాలా ఉపయోగం.

మోడళ్ల మాటకొస్తే, యమహా సంస్థ వైఎస్‌వీ-104 ప్రధానంగా ఇంటి సాధన కోసం చేసినది, హెడ్‌ఫోన్ల కోసం దానికి విడిగా ఒక చిన్న కంట్రోల్ పెట్టె వస్తుంది. అదే సంస్థ వైఈవీ-104 వేదిక కోసం చేసినది. అందులో బ్యాటరీ గానీ హెడ్‌ఫోన్ జాక్ గానీ ఉండవు, ప్రీయాంప్ మీరే సమకూర్చుకోవాలి. మీ రెండు అవసరాలలో రాత్రి సాధనే ముఖ్యమైతే మొదటిది సరిపోతుంది. గుళ్లలో వాయించడానికి మీ మామూలు వయొలిన్‌కే బ్రిడ్జి పక్క చీలికలో ఇమిడే ఫిష్‌మన్ వి-200 లాంటి పికప్ పెట్టుకోవచ్చు. పెట్టె ధ్వని కొంత నిలుస్తుంది, ఖర్చూ తక్కువ. బీచ్ రోడ్డులో జరిగేలాంటి బహిరంగ కార్యక్రమాలలో సముద్రపు గాలి మైకులో హోరెత్తుతుంది, పెద్ద స్పీకర్ల దగ్గర చెక్కపెట్టె ఫీడ్‌బ్యాక్‌తో ఊళపెడుతుంది. అటువంటి వేదికలు మీకు ఎక్కువగా వస్తేనే వేదిక కోసం చేసిన ఎలక్ట్రిక్ వయొలిన్ అవసరం. చాలా తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో వచ్చే సెట్లలో బ్రిడ్జి చెక్కి ఉండదు, బిరడాలు నిలవవు, వాటిని బాగుచేయించే ఖర్చు వాద్యం ఖర్చుకు దగ్గరగా వస్తుంది.

మన ఊరి గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉన్నాయి. స్టీలు తీగలు త్వరగా తుప్పు పడతాయి, జాక్ లోపల పొర కట్టి కరకర శబ్దం వస్తుంది, వానాకాలంలో చెక్క బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి. వాయించగానే తీగలను పొడి గుడ్డతో తుడవడం, పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు ఉంచి నెలకోసారి మార్చడం, కేబులును వాద్యానికి తగిలించి వదిలేయకపోవడం అలవాటు చేసుకోండి.

గురువుగారు ఒప్పుకుంటారో లేదో అని కూడా రాశారు. వయొలిన్‌నే బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల దగ్గర నేర్చి మన సంగీతానికి తెచ్చారు. మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు ఐదు ఒంటి తీగలు కట్టి, దానిమీద గమకాలను నిండు సభలలో ఒప్పించారు. అయినా ఈ మాటలతో వాదానికి దిగకుండా, వాద్యాన్ని గురువుగారి దగ్గరికి తీసుకువెళ్లి ఒక వర్ణం వినిపించి, వారి అనుమతి అడగండి.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ కమాను, వంపు ప్లగ్గు కేబులు, వైరు హెడ్‌ఫోన్లు, కింద పరుచుకోవడానికి ఒక దుప్పటి వెంట తీసుకువెళ్లండి. కుర్చీలో కూర్చుని నాలుగు స్వరాలు వాయించి నిర్ణయించవద్దు. దుప్పటి మీద కూర్చుని, మీరు ఎక్కువగా వాయించే శ్రుతికి తీగలు దించి, తోడిలోనో భైరవిలోనో అరగంట ఆలాపన వాయించండి. అందుకు అనుమతి ఇవ్వని దుకాణంలో కొనకండి.