రోబో ఆపరేషన్ కోసం ఎఫ్‌డీ రద్దు చేయాలా?

ప్రశ్న: మా అమ్మ వయసు 61. ఊపిరితిత్తి అంచున 1.8 సెంటీమీటర్ల కణితి ఉంది. క్యాన్సర్ తొలి దశేనన్నారు. రోబోతో చేయిస్తే మంచిదని డాక్టర్ సలహా. ఆరోగ్య బీమా ఉంది కానీ, రోబోటిక్ సర్జరీకి పరిమితి పెట్టారు. ఐదు నెలల్లో గడువు తీరే ఎఫ్‌డీని రద్దు చేసి మిగతాది కట్టమంటారా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి అప్పుడే వెళ్లకండి. అలాగని దాని గడువు కోసం ఆపరేషన్‌ను మాత్రం వాయిదా వేయొద్దు.

ముందు డాక్టరునే అడగండి, కెమెరాతో చేసే వాట్స్ పద్ధతిలో కుదరదా అని. అదీ చిన్న కోతల ఆపరేషనే. ఛాతీ తెరిచి చేసే దానికంటే రెండింటిలోనూ నొప్పి తక్కువ, త్వరగా ఇంటికి పంపిస్తారు. క్యాన్సర్ నయం కావడంలో వాట్స్ కంటే రోబో మెరుగని ఇప్పటిదాకా రుజువు కాలేదు. నన్నడిగితే, యంత్రం కంటే ఆ సర్జన్ చేతికి ఏది బాగా అలవాటో చూస్తాను. రోబో పరిమితి వాట్స్‌కు వర్తిస్తుందో లేదో బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేట్‌లో స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌ల వరుస వెతకండి. ఊపిరితిత్తిని కోస్తూనే మూసేసే పరికరం అది. నొక్కిన ప్రతిసారీ కొత్త కార్ట్రిడ్జ్ పెట్టాలి, ఒక్క ఆపరేషన్‌కే చాలా పడతాయి. ప్యాకేజీలో ఎన్ని ఉన్నాయి, పైన పడితే ఎవరు కట్టాలి? మధ్యలో ఛాతీ తెరవాల్సి వస్తే? ఊపిరితిత్తి నుంచి గాలి లీకవుతూ ఛాతీలో పెట్టిన గొట్టం తీయడం ఆలస్యమైతే అదనపు రోజుల లెక్కేమిటి? ఎంత భాగం తీస్తారో కూడా కనుక్కోండి. అంచున ఉన్న 2 సెంటీమీటర్ల లోపు కణితికి లోబ్ (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగం) మొత్తం తీయకపోయినా ఆయుష్షు తగ్గలేదని 2022లో జపాన్, 2023లో అమెరికా అధ్యయనాలు చూపాయి. అది డాక్టరు తేల్చాల్సిన సంగతే గానీ, ఎస్టిమేట్ దాన్నిబట్టే ఉంటుంది.

ఎఫ్‌డీ రద్దు అప్పుడే వద్దన్నది ఎందుకంటే, తీసిన కణితి, లింఫ్ గ్రంథుల ల్యాబ్ రిపోర్టు వచ్చాకే అసలు దశ ఖరారవుతుంది. గ్రంథుల్లో క్యాన్సర్ కనిపిస్తే కీమో ఇవ్వొచ్చు, కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు కూడా ఉంటే మూడేళ్ల దాకా మాత్రలు వాడాల్సి రావచ్చు. ఏమీ లేకపోయినా ఏళ్ల తరబడి సీటీ స్కాన్లు తప్పవు. ఆ ఖర్చులకు ఎఫ్‌డీ చేతిలో ఉండాలి. ఇప్పుడు కొంత తక్కువ పడితే ఎఫ్‌డీ మీద లోన్ తీసుకోండి, గడువు తీరాక సర్దేయొచ్చు.

అమ్మగారి పేరున క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ఏదైనా ఉందేమో కూడా చూడండి. బిల్లుతో సంబంధం లేకుండా ఏకమొత్తం ఇస్తారు. బయాప్సీ రిపోర్టు ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని, కాపీతో ఆ పాలసీ ఇచ్చిన సంస్థకు ఈ వారమే సమాచారం ఇవ్వండి.