జీతం లేకున్నా మెంటల్ హెల్త్ సంస్థల బోర్డుల ఎందుకుంటరు?

రూపాయి రాదు, మీటింగులకు సొంత పెట్రోల్ పోసుకొని పోవాలె, మరి నల్గొండ, పాలమూరు దిక్కు మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే ఈ స్వచ్ఛంద సంస్థల బోర్డుల, అంటే సంస్థను నడిపే కమిటీల, జనం ఎందుకుంటరు అని అడిగిన్రు. ఎక్కువమందికి కారణం ఇంట్లనే ఉంటది. తమ్మునికో బిడ్డకో జబ్బొస్తే గాలి సోకిందని గుళ్లు, దర్గాలు, మంత్రగాళ్ల చుట్టు తిరిగి తిరిగి, ఆఖరికి వంద కిలోమీటర్ల దూరం హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖానకు తీస్కపోయినోళ్లకు ఆ తిప్పలు తెలుసు, ఇంకొకలకు రావొద్దని వస్తరు. రిటైరైన టీచర్లు, బ్యాంకోళ్ల సంగతి వేరే. వాళ్లు కౌన్సెలింగ్ చెయ్యరు, చెయ్యొద్దు గూడ. లెక్కలు చూసుడు, ఆడిట్ చేయించుడు, విరాళం ఎటు పోయిందని అడుగుడు వాళ్ల పని. జీతం తీస్కోనోళ్లకే గట్టిగ అడిగే నోరుంటది. ఫ్లెక్సీల ఫొటో కోసం వచ్చేటోళ్లు గూడ ఉంటరు, అబద్ధమెందుకు, కానీ రెండు మీటింగులకే మాయమైతరు.

ఇంకోటి, పురుగుల మందు తాగి బతికినోళ్లను నేరస్తుల్లెక్క కాదు, తీవ్ర ఒత్తిడిల ఉన్నోళ్లుగ చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తది, 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే సర్కారు హెల్ప్‌లైన్‌ల కౌన్సెలర్లతోని ఫ్రీగ మాట్లాడొచ్చు, ఇవి ఊర్లల్ల చాలామందికి తెల్వదు. పదిమందిని కూసోబెట్టి చెప్పాలంటే ఊర్ల మాట చెల్లే మనిషి కావాలె, బోర్డుల లోకలోళ్లను పెట్టుకునేది గందుకే.