గాజులు నేనే తీశానంటున్నారు మా అత్తయ్య

ప్రశ్న: మాది ఖమ్మం. మా అత్తయ్యకు 71 ఏళ్లు. ఒకప్పుడు ఇరవైమంది ఆడవాళ్ల చీటీల లెక్క కాగితం చూడకుండా చెప్పేవారు. రెండేళ్ల క్రితం మామయ్య పోయారు. ఏడాది నుంచి అడిగిందే అడుగుతున్నారు, పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారు. మొన్న ముప్ఫై ఏళ్లుగా వెళ్లే రామాలయం నుంచి ఇంటికి దారి తెలియక నిలబడిపోతే పాలబ్బాయి తీసుకొచ్చాడు. ఇప్పుడు తన బంగారు గాజులు నేను తీసి పుట్టింటికి పంపానని అందరితో చెబుతున్నారు. రెండుసార్లు అవి బియ్యం డబ్బాలోనే దొరికాయి. అయినా 'నువ్వే పెట్టావు' అంటారు. విజయవాడలో ఉండే వదినతో ఫోన్లో మాత్రం చక్కగా మాట్లాడతారు. దాంతో వదిన నన్నే అనుమానిస్తోంది. మా ఆయన '47 ఏళ్లకే నాకు పేర్లు గుర్తుండటం లేదు, వయసు పెరిగితే చాదస్తం మామూలే' అంటారు. అత్తయ్య షుగర్‌కు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్, మామయ్య పోయినప్పటి నుంచి నిద్రమాత్ర వాడుతున్నారు. పదిహేనేళ్ల కాపురంలో ఇంత మాట ఎప్పుడూ పడలేదు. ఏం చేయను?

జవాబు: ముందు గాజుల సంగతి మాట్లాడుకుందాం. మిమ్మల్ని రాత్రుళ్లు నిద్రపోనివ్వనిది అదే అనిపిస్తోంది.

గాజులు పోతాయనే భయంతో అత్తయ్య వాటిని బియ్యం డబ్బాలో దాచారు. దాచిన సంగతి ఆవిడ మెదడులో నిలవలేదు. మర్చిపోయానని ఆవిడకు తెలియదు, ఎందుకంటే దాచడమే ఆవిడ మటుకు జరగలేదు. బీరువా తెరిస్తే గాజులు లేవు. అంటే ఎవరో తీసి ఉండాలి. పొద్దున లేచింది మొదలు ఇంట్లో కనిపించే మనిషి మీరే కాబట్టి ఆ నింద మీ మీద పడింది. ఇలాంటి ఇళ్లలో ఎక్కువ సేవ చేసే మనిషే ఈ మాట పడటం నేను చాలాసార్లు చూశాను. అత్తయ్య మీ గుణాన్ని తప్పుపడుతున్నారని అనుకోకండి. ఆ మాట వినడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా దానికి సాక్ష్యాలతో జవాబు చెప్పకండి. 'నేను తీయలేదు' అని మీరు ఎన్నిసార్లు అన్నా ఆవిడకు వినిపించేది దబాయింపే. 'అయ్యో, గాజులు కనబడలేదా అత్తయ్యా, పదండి ఇద్దరం వెతుకుదాం' అనండి. దొరికినప్పుడు 'చూశారా, మీరే పెట్టారు' అనే మాట మాత్రం వద్దు. ఆవిడ ఎక్కడెక్కడ దాస్తారో మీరు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక మీవారి మాట. అందులో సగం నిజం ఉంది, ఆ సగమే ప్రమాదం. వయసుతో జ్ఞాపకశక్తి, ఆలోచన మారతాయి, అది జబ్బు కాదు. ముందుగా తగ్గేది వేగం. పేరు నాలుక చివర ఆగిపోతుంది, రెండు పనులు ఒకేసారి చేస్తే ఒకటి చెడుతుంది. అమెరికాలోని సియాటిల్‌లో వార్నర్ షాయీ అనే మానసిక శాస్త్రవేత్త 1956లో మొదలుపెట్టి, అవే మనుషులను దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ పరీక్షించారు. చాలామందిలో చాలా సామర్థ్యాలు అరవై దాటేదాకా చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని, మాటల సంపద అయితే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుందని తేలింది. కాబట్టి పేర్లు మర్చిపోతున్న మీవారు భయపడనక్కర్లేదు. ఆ పేరు రాత్రి పడుకోబోతుంటే గుర్తొస్తుంది కదా, అది చాలు.

కానీ అత్తయ్య విషయం అది కాదు. పెద్దావిడ ఒక మాట మర్చిపోతే అది వయసు. ఆ మాట ఇందాకే అడిగానన్న సంగతే మర్చిపోతే డాక్టరుకు చూపించాలి. కళ్లజోడు ఎక్కడో పెట్టి వెతుక్కోవడం మామూలే, ముప్ఫై ఏళ్లు నడిచిన దారి తెలియకపోవడం మామూలు కాదు. పోలిక పక్కింటి బామ్మగారితో కాదు, చీటీల లెక్క నోటితో చెప్పిన ఒకప్పటి అత్తయ్యతోనే పెట్టాలి. 'చాదస్తం' అన్న మాట దగ్గరే మనం ఆగిపోతాం. మా అమ్మమ్మ విషయంలో మా ఇంట్లో అదే జరిగింది. నాలుగేళ్లు ఆ మాటే అనుకుంటూ గడిపేశాం, ఒక్క రక్తపరీక్ష కూడా చేయించలేదు. ఈ ఉత్తరాలకు జవాబు రాసేటప్పుడల్లా అది గుర్తొస్తుంది.

అలాగని ఇది డిమెన్షియా, అంటే మెదడు క్రమంగా దెబ్బతిని వచ్చే మతిమరుపు జబ్బు, అని నేను తేల్చడం లేదు. మీ ఉత్తరంలోనే వేరే దారులు కనబడుతున్నాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు, శాకాహారులైతే ఇంకా త్వరగా. బి12 లోపం మతిమరుపు తెస్తుంది, దానికి మందు ఉంది. కొన్ని నిద్రమాత్రలు, జలుబు మాత్రలు పెద్దవాళ్లను అయోమయంలో పడేస్తాయి. అలాగని నిద్రమాత్ర మీరే హఠాత్తుగా ఆపేయొద్దు, డాక్టరును అడిగే తగ్గించాలి. షుగర్ బాగా పడిపోయినా, థైరాయిడ్, సోడియం తగ్గినా ఇలా ఉండవచ్చు. మామయ్య పోయాక ఆవిడ మనసు విప్పి ఏడ్చారా? ముసలితనంలో దిగులు కన్నీళ్లుగా కాకుండా మతిమరుపుగా బయటపడటం ఉంది. ఈమధ్య బాత్రూంలో జారి తలకు దెబ్బ తగిలిందేమో కూడా గుర్తుచేసుకోండి. చిన్న దెబ్బకే లోపల రక్తం చేరి, వారాల తర్వాత తెలిసే సందర్భాలుంటాయి. చెవులు సరిగా వినబడుతున్నాయో లేదో చూడండి, వినని మాట గుర్తుండదు కదా.

న్యూరాలజిస్టుకు గానీ సైకియాట్రిస్టుకు గానీ చూపించండి. 'మతిమరుపుకు' అంటే ఆవిడ రారు, 'షుగర్ చెకప్‌కి వెళ్దాం' అంటే వస్తారేమో. అది అబద్ధమూ కాదు, షుగర్ కూడా చూపిస్తారు. వెళ్లేముందు ఒక చిన్న పుస్తకంలో తేదీలు వేసి రాయండి: ఏ రోజు ఏం జరిగింది, ఏ మాత్ర రెండుసార్లు వేసుకున్నారు, ఏది వదిలేశారు. ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. హైదరాబాద్ వెళ్లగలిగితే నిమ్స్‌లో మతిమరుపును ప్రత్యేకంగా పరీక్షించే వైద్యులున్నారు. 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో వాళ్లు డిమెన్షియా వచ్చిన 648 మందిని పరిశీలించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో, చదువు రానివాళ్లలో సైతం, జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందట. భాష ఒక్కటే కారణమని దీన్నిబట్టి చెప్పలేం. వాడుతూ ఉన్న మెదడు కొంతకాలం తట్టుకుంటుందన్న ఆశకు మాత్రం ఇది బలమిస్తుంది. అందుకే అత్తయ్య చేతిలోంచి పనులన్నీ లాగేసుకోకండి. కూరగాయలు తరగనివ్వండి, పూలు కట్టనివ్వండి. పొయ్యి దగ్గర మాత్రం పక్కన ఉండండి. గుడికి ఒంటరిగా వద్దు. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాసిన కాగితం ఆవిడ పర్సులో పెట్టండి.

వదిన విషయం మీరు వాదించి గెలిచేది కాదు. ఫోన్లో పది నిమిషాలు ఎవరైనా సర్దుకుని మాట్లాడగలరు, జబ్బు మొదట్లో అది మామూలే. 'అమ్మ దగ్గర పది రోజులు ఉండి వెళ్లు అక్కా' అని మీవారే తమ్ముడిగా పిలవాలి. మీరు పిలిస్తే పోట్లాటకు పిలిచినట్టు ఉంటుంది. ఆవిడ వచ్చాక అత్తయ్యను కూడా కూర్చోబెట్టుకుని, అక్కాతమ్ముళ్లిద్దరూ నగలు బ్యాంకు లాకరులో పెట్టి, జాబితాపై సంతకాలు చేయాలి. డాక్టరు దగ్గరికీ వదినను తీసుకెళ్లండి. డాక్టరు నోట విన్నది ఆవిడకు మీ మాటలా అనిపించదు.

వదిన ఉండే ఆ పది రోజులూ మీరు ఖమ్మంలో ఉండనక్కర్లేదు. మాత్రల వేళలు, అత్తయ్య దాచే చోట్లు ఒక కాగితం మీద రాసిచ్చి, మీ పుట్టింటికి వెళ్లి రండి.